తెరమీది తల్లి – ఇంటిలోని తల్లి

ఇంటింటికిని మట్టిపొయ్యియే అనునది మన పెద్దల మాట. ఆ మాట నిజమని మనమందరమును ఒప్పుకొందుము. కాని నేడు మన కోడండ్రును కుమార్తెలును చేతబట్టి చూచుచున్న సెల్‌ఫోనులో మాత్రము ఏ యింటను మట్టిపొయ్యి కనబడుట లేదు. కనబడునది తళతళలాడు వంటగది, నలగని చీర, నవ్వుచున్న పసిబిడ్డ, ప్రక్కనే నిలిచి బిడ్డ నెత్తుకొనిన భర్త. అచ్చట బిడ్డ పేచీ పెట్టడు; పాలు పొంగిపోవు; అత్తగారు విసుగుకొనదు; నెలాఖరున చేబదులు అవసరము కాదు. ఆ బొమ్మను చూచి, పిదప తన యింటిని చూచుకొని, తానొక చేతగాని తల్లినని లోలోపల క్రుంగిపోవుచున్న యువతులు మన కుటుంబములలోను ఉన్నారు. ఇది ఆడువారి గుసగుసలకు విడిచిపెట్టదగిన చిన్న విషయమని కొందరు తలపవచ్చును. మే మట్లు తలపము. బిడ్డల పెంపకమును, తల్లుల ఆరోగ్యమును, చివరకు మన యిండ్లలో మన భాష నిలుచుటయు దీనితో ముడిపడి యున్నవి.

పోల్చి చూచుకొనుట క్రొత్త విషయము కాదు. నూతివద్దను, పేరంటములలోను, పెండ్లిపందిళ్లలోను తల్లులు ఒకరి బిడ్డ నొకరు చూచి, ఎన్నవ నెల యనియు, పండ్లు వచ్చినవా యనియు, అడుగులు వేయుచున్నాడా యనియు అడుగుకొనుట తరతరములుగా ఉన్నదే. ఆ పోలికలో ఈర్ష్య ఉండెను, ఎత్తిపొడుపును ఉండెను. కాని అందొక రక్షణ కూడ ఉండెను. పేరంటమునకు పట్టుచీర కట్టుకొని వచ్చిన పొరుగింటామెయే మరునాటి ఉదయమున జడ వేసికొనుటకు తీరిక లేక, చీపురు చేతబట్టి, బిడ్డపై కేకలు వేయుచు కనబడెడిది. ఆమె పట్టుచీరయు తెలియును, ఆమె పడుచున్న పాట్లును తెలియును. అందుచేత అసూయ వెంట సానుభూతియు పుట్టెడిది. సెల్‌ఫోనులో మనకు పేరంటము మాత్రమే చూపబడుచున్నది. మరునాటి ఉదయము చూపబడుట లేదు. దూరపు కొండలు నునుపు అనినవారు, ఆ కొండలు అరచేతిలోనికి వచ్చియు నునుపుగనే కనబడు కాల మొకటి వచ్చునని ఊహించి యుండరు.

ఈ మార్పు బహు స్వల్పకాలములో జరిగినది. ఫేస్‌బుక్కు సామాన్యజనులకు తెరువబడినది 2006లో. ఎవరెవరికి ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చినవో లెక్కించి చూపు ‘లైక్’ గుర్తు 2009లో వచ్చినది. కేవలము బొమ్మల కొరకే పుట్టిన ఇన్‌స్టాగ్రామ్ 2010లో ప్రారంభమై, 2012లో ఫేస్‌బుక్కు సంస్థ చేతిలోనికి పోయినది. 2020 జూన్ మాసాంతమున మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధింపగా, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ ‘రీల్స్’ అను పొట్టి చలనచిత్రములను మన దేశమున ప్రవేశపెట్టినది. అనగా, నేడు ఇరువదియైదేండ్ల వయస్సున తొలిచూలు కన్న తల్లి తన బాల్యము నుండియు ఈ బొమ్మల నడుమనే పెరిగినదన్నమాట. ఆమె అమ్మమ్మకు తల్లితనమన నెట్లుండునో చూపినది ఇరుగు పొరుగు. ఆమెకు చూపుచున్నది ఈ తెర.

తెరమీది బొమ్మ ఎట్లు తయారగునో మన తల్లులు తెలిసికొనుట అవసరము. అర నిమిషము కనబడు దృశ్యమును పలుమార్లు తీసి, బాగుగా వచ్చినది ఉంచి, తక్కినవి తుడిచివేయుదురు. వెలుతురు కొరకు ప్రత్యేకముగా దీపములు పెట్టుదురు. ముఖమునందలి అలసటను, కంటిక్రింది నలుపును తొలగించు ఉపాయములు ఫోనులోనే కలవు. బిడ్డ ఏడ్చిన భాగమును కత్తిరించుట ఒక చిటికెలో పని. ఇంతేకాక, పెక్కుమందిని ఆకర్షించిన ఇట్టి గృహిణులకు సబ్బులు, పౌడర్లు, బొమ్మలు, బట్టలు తయారుచేయువారు సొమ్మిచ్చియో, సరుకు లుచితముగా పంపియో తమ వస్తువులను చూపించుకొందురు. చూచువారికి అది యొక తల్లి తోటి తల్లికి చెప్పు సలహావలె తోచును. నిజమునకు అది దుకాణము. ఇక ఏది చూపవలెనో నిర్ణయించునది యంత్రము. ఏ బొమ్మవద్ద మన చూపు క్షణకాలము నిలిచినదో గుర్తించి, అట్టివే మరి పది తెచ్చి ముందుంచుట దాని పద్ధతి. నిదురలేని బాలింత రాత్రి రెండు గంటలకు ‘పాలు చాలుట లేదు’ అని వెదకెనేని, మరునాటి నుండి ఆమె కంట బడునవి పాలు సమృద్ధిగా గల తల్లుల కథలును, పాలు పెంచునని చెప్పబడు పొడులును.

వ్యాపారమును గృహధర్మమును కలిసి నడచుట ఇదే మొదలని మేము చెప్పుట లేదు. మన చెన్నపురిలోనే వైద్యులు శ్రీ కె. ఎన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించిరి. స్త్రీల వ్యాధులకు ‘లోధ్ర’ అను ఔషధమును తయారుచేసి విక్రయించినవారును వారే. ఆ పత్రిక తెలుగు రచయిత్రులకు చోటిచ్చి చేసిన మేలు మరువరానిది. ఉత్తమ గృహిణి ఎట్లుండవలెనను బోధ అచ్చుపత్రికలలో ఆనాడును ఉండెను. కాని అచ్చుపత్రిక నెలకొకసారి వచ్చును. అందు ప్రకటన వేరుగను వ్యాసము వేరుగను ఉండును. చదివి మూసి పెట్టవచ్చును. తెరకు ముగింపు లేదు. అందు ప్రకటనకును ఆత్మీయతకును నడుమ గీత చెరిగిపోయినది. ఈ గీతను మరల గీయుటకే మన దేశమునందలి ప్రకటనల ప్రమాణముల మండలి 2021లో నియమములు చేసినది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖయు, ప్రతిఫలము పొంది వస్తువును మెచ్చుకొనువారు ఆ సంగతిని స్పష్టముగా తెలుపవలెనని మార్గదర్శక సూత్రములను వెలువరించినది. చట్టము 1992 నాటినుండియు ఒక విషయములో మరింత గట్టిగా ఉన్నది. శిశువుల పోతపాలను, పాలసీసాలను ప్రకటనలద్వారా ప్రోత్సహించుట నిషిద్ధము. 2003 నాటి సవరణతో రెండేండ్ల లోపు బిడ్డల ఆహారమంతయు ఈ నిషేధము క్రిందికి వచ్చినది. ఏలన, తన పాలు చాలవేమోయను తల్లి భయమే ఆ వ్యాపారమునకు పెట్టుబడి యని శాసనకర్తలు గ్రహించిరి. తల్లి భయమును పెట్టుబడిగా పెట్టుకొను వ్యాపారములు నేడు అనేకములు. వానికన్నిటికిని చట్టము లేదు. కావున తల్లికే తెలివి ఉండవలెను.

సినిమా తారల మేడలను చూచి మన తల్లు లింతగా నొచ్చుకొనలేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రము పెట్టిన పిదప దేవతల పటములు సామాన్యుల గోడల కెక్కినవి. బాలకృష్ణు నెత్తుకొనిన యశోద పటము చూచి ఏ తల్లియు తా నంత అందముగా లేనని ఏడ్చి యుండదు. మరి పరాయి గృహిణి రీలు చూచి ఎందుకు ఏడ్చుచున్నది? దీనికి లియన్ ఫెస్టింగరు అను అమెరికా మనస్తత్త్వవేత్త 1954లో ప్రకటించిన సిద్ధాంతము సమాధాన మిచ్చుచున్నది. మనిషి తన శక్తిని కొలుచుకొనుటకు వేరు కొలత దొరకనప్పుడు ఇతరులతో పోల్చుకొనును. అందును తనకు మిక్కిలి దూరమైన వారితో గాక, తనవంటి వారితోనే పోల్చుకొనును. దేవత మనవంటిది కాదు, తారయు కాదు. తెరమీది గృహిణి మాత్రము మన యీడుది, మన తరగతిది, మన భాషయే మాటాడుచున్నది. ఆమెకు సాధ్యమైనది నాకేల సాధ్యము కాదను ప్రశ్న అందుచేతనే ముల్లువలె గుచ్చుకొనుచున్నది. పిల్లల పెంపకమునకు పరీక్షలు లేవు, మార్కులు లేవు. కొలతబద్ద లేనిచోట ఈ అబద్ధపు కొలతబద్ద వచ్చి కూర్చున్నది.

దీని ఫలితము చిన్నది కాదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి డాక్టరు వివేక్ మూర్తి తల్లిదండ్రుల మనోభారమును గూర్చి ప్రత్యేకముగా ఒక హెచ్చరికను ప్రకటించిరి. వారి పూర్వులది మన కన్నడ దేశమునందలి మండ్య జిల్లాయే. తల్లిదండ్రులలో నూటికి 48 మంది దాదాపు ప్రతిదినమును తమ మనోభారము భరింపరానిదిగా ఉన్నదని చెప్పినట్లును, ఇతర వయోజనులలో అట్లు చెప్పినవారు నూటికి 26 మందియే యైనట్లును అందు కలదు. ఆ భారమునకు గల కారణములలో తెరమీది ఆదర్శములతో పోల్చుకొనుటను గూడ వారు పేర్కొనిరి. మన దేశపు సంగతికి వచ్చినచో, ప్రసవానంతరము తల్లులకు కలుగు మనోవ్యాధిని గూర్చి 38 పరిశీలనలను, ఇరువదివేలకు పైగా తల్లుల వివరములను కూర్చి చూచిన వ్యాసము 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ప్రచురింపబడినది. నూటికి 22 మంది భారతీయ తల్లులు ఆ బాధకు లోనగుచున్నారని అది తేల్చినది. ఈ వ్యాధికి పేదరికము, గృహకలహములు, ఆడబిడ్డ పుట్టినదను నిష్ఠురము మున్నగు కారణములు అనేకములు. దానినంతయు సెల్‌ఫోనుపై నెట్టుట న్యాయము కాదు. కాని ఇదివరకే క్రుంగియున్న మనస్సుపై ప్రతిరాత్రియు మరియొక రాయి పెట్టుట మాత్రము ఆ తెరయే చేయుచున్నది.

ఒక్క ఉదాహరణము చాలును. ‘సహజముగా ప్రసవించిన తల్లియే తల్లి’ అను ధోరణి తెరమీద తరచుగా కనబడుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శస్త్రచికిత్స ప్రసవములు తెలంగాణములో నూటికి 60.7, తమిళనాటను 44.9, ఆంధ్రప్రదేశమున 42.4, కర్ణాటకమున 31.5, మహారాష్ట్రమున 25.4, ఒడిశాలో 21.6 అని తేలినది. అవసరము లేని శస్త్రచికిత్సలు ఇందు ఎన్నియో కలవని వైద్యులే అనుచున్నారు. ఆసుపత్రుల ధోరణిని ప్రశ్నింపవలసినదే. కాని ఆ ప్రశ్న ఆసుపత్రులకు వేయవలసినది. కడుపుపై కుట్లతో పడియున్న తల్లికి వేయరాదు. తమిళనాట నూటికి నలుబదియైదుగురు తల్లు లీ మార్గముననే బిడ్డను కనుచుండగా, తా నొక్కతెయే ఓడిపోయితినని ఆమె కుములుట ఎంత అన్యాయము! అట్లే, ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే పట్టవలెనను వైద్యుల మాట శిరసావహింపదగినది. అదే సర్వేలో ఆ నియమము సాగినది నూటికి 63.7 మంది బిడ్డల విషయముననే. సాగనిచోట తల్లికి కావలసినది సహాయము, నింద కాదు.

ఇక మన సంగతి. తరతరములుగా హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము, యానాము ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబముల తల్లులకు ఈ పోలికలో మరియొక చిక్కు కలదు. తెరమీది తెలుగు కుటుంబము సాధారణముగా హైదరాబాదుదో, విజయవాడదో, అమెరికాలోని ఏ నగరముదో అయి యుండును. అచ్చటి మూడేండ్ల పాప వేమన పద్యము చదువును. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల పేర్లు చెప్పును. బొమ్మల కొలువు నిండుగా ఉండును. మన తల్లి తన బిడ్డ వంక చూచుకొనును. వాడు తమిళముననో, కన్నడముననో, ఒడియాలోనో, మరాఠీలోనో ఆడుకొని వచ్చి, ఆ మాటలు నాలుగు కలిపి తెలుగులో అన్న మడుగును. తన మాటయు అట్టిదే. తెరమీది తెలుగువలె సాపుగా లేదు. తనది తెలుగే కాదేమోయను సిగ్గు ఆమెకు కలుగును. ఈ సిగ్గునుండి పుట్టు నష్టము మన కందరికిని చెందినది. తన తెలుగు తప్పని తలచిన తల్లి బిడ్డతో మాటాడుట తగ్గించును. లేదా బడిభాషకో ఇంగ్లీషుకో మారును. ఒక్క తరములో ఇంటిభాష ముగిసిపోవును. బడులు మూతబడుటను గూర్చియు, ఉపాధ్యాయుల కొరతను గూర్చియు మనము మహజర్లు వ్రాసికొనుచుండగా, భాష వంటయింటిలోనే నిశ్శబ్దముగా ఆరిపోవుచున్నది.

1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు రాష్ట్రములు తగు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. తమిళనాట 2006 నాటి చట్టముతో తమిళము అన్ని బడులలో తప్పనిసరి పాఠ్యమైనది. మన బిడ్డలు రెండు మూడు భాషల నడుమ పెరుగుట అనివార్యము; అది వారికి లాభమే. అట్టి బిడ్డను ఒకే భాష గల ఊరిలో పెరిగిన బిడ్డతో పోల్చుట, నదిని చెరువుతో పోల్చుటవంటిది. పద్యము నేర్పగలిగిన తల్లి నేర్పుగాక, అది భాగ్యమే. కాని మాతృభాష నిలుచునది ప్రదర్శనలో కాదు. బిడ్డకు లాలపోయునప్పుడును, ఉగ్గు పెట్టునప్పుడును, జ్వరము వచ్చిన రాత్రి నుదుట చేయి వేసినప్పుడును తల్లి నోట వచ్చు మాటలో నిలుచును. హోసూరు తెలుగైనను, బరంపురము తెలుగైనను, షోలాపురపు సాలెల వాడలోని తెలుగైనను, ఆ మాట సిగ్గుపడదగినది కాదు. అది రెండుమూడు వందల ఏండ్లు పరాయి భాషల నడుమ ఆరక నిలిచిన దీపము. దానిని నిలిపినవారు మన అమ్మమ్మలు. వారి కెవ్వరును మెచ్చుకోళ్లు లెక్కించి చూపలేదు.

ఎదుటివారి వాదమును గూడ వినవలెను. సెల్‌ఫోను తల్లులకు మేలును చేసినది. పుట్టింటికి దూరముగా, భాష తెలియని ఊరిలో, రెండు గదుల యింటిలో ఒంటరిగా పురుడు వెళ్లదీయుచున్న తల్లికి రాత్రివేళ బిడ్డకు కక్కు వచ్చినచో నేమి చేయవలెనో చెప్పునది ఆ ఫోనే. దూరపు అక్కచెల్లెండ్రు వాట్సాపులో బిడ్డను చూచి మురియుచున్నారు. నిజాయితీగా తమ కష్టములు చెప్పుకొని, తోటివారికి ధైర్యము చెప్పు తల్లులును అందు కలరు. తొలికాన్పునకు పుట్టింటికి పంపి, అమ్మమ్మలును మేనత్తలును చుట్టు నిలిచి నెలల తరబడి బాలింతను కనిపెట్టిన ఆచారము సడలిపోవుటచేతనే ఆమె ఫోను నాశ్రయించినది. ఖాళీ చేసిన చోటికి వేరొకటి వచ్చి చేరును. కావున ఫోను నూతిలో పారవేయుమని మేము చెప్పము. చెప్పినను ఎవ్వరును వినరు. మా మనవి యేమన, చూచునప్పుడు అది బొమ్మయని గుర్తుంచుకొనుడు. చూచిన పిదప మనస్సు తేలికపడినదో బరువెక్కినదో గమనింపుడు. బరువెక్కించునది ఎంత అందమైనదైనను దానిని తొలగింపుడు. ఒక వేలితో తొలగింపవచ్చును.

తెరమీది అందము వెనుక నేమి దాగియుండగలదో తెలుపు సంగతి యొకటి అమెరికాలోని యూటా రాష్ట్రమున జరిగినది. రూబీ ఫ్రాంకీ అను ఆరుగురు బిడ్డల తల్లి 2015 నుండి తన కుటుంబ జీవితమును యూట్యూబులో చూపుచు, ఇరువది లక్షలకు పైగా అనుచరులను సంపాదించినది. పిల్లల పెంపకమును గూర్చి ఆమె సలహాలను ఎందరో తల్లులు ఆలకించిరి. 2023 ఆగస్టులో ఆమె పండ్రెండేండ్ల కుమారుడు తాను బంధింపబడిన యింటి కిటికీనుండి తప్పించుకొనిపోయి, పొరుగువారిని అన్నము, నీళ్లు అడిగెను. ఆమె నేరము నంగీకరింపగా, 2024 ఫిబ్రవరిలో కారాగార శిక్ష విధింపబడినది. ప్రతి తెరవెనుకను ఇట్టి ఘోరమున్నదని శంకించుట తగదు. కాని అన్నిటిని చూచుచున్నామనుకొనిన లక్షలమంది అసలైనదానిని చూడలేదన్న సత్యము మరువరాదు. ఫ్రాన్సు దేశము 2020లో తెరపై పనిచేయు బాలల సంపాదనను కాపాడుటకును, 2024లో బిడ్డల బొమ్మలపై వారికిగల హక్కును కాపాడుటకును చట్టములు చేసినది. మన తల్లులును బిడ్డ స్నానము, బిడ్డ ఏడుపు లోకమునకు చూపుటకు ముందు, ఆ బిడ్డ పెద్దవాడై దీనిని చూచినచో నేమనుకొనునో ఆలోచింపవలెను.

ఉత్తమమైన తల్లి యనగా నెవరు? ఇంగ్లండునందు చిరకాలము పిల్లల వైద్యుడుగా పనిచేసి, వేలకొలది తల్లీబిడ్డలను చూచిన డాక్టరు డొనాల్డ్ విన్నికాట్ 1953లో ప్రచురించిన వ్యాసమున దీనికి చక్కని సమాధానము చెప్పెను. బిడ్డకు కావలసినది లోపములేని తల్లి కాదు, చాలినంత మంచి తల్లి. మొదటి నెలలలో ఆమె బిడ్డ కోరినదెల్ల తీర్చును. బిడ్డ పెరిగి ఓర్చుకొనగలిగిన కొలదియు, కొంచెము కొంచెముగా తీర్చలేకపోవును. ఆ చిన్న చిన్న లోటులవలననే బిడ్డ లోకము తన యిచ్చ వచ్చినట్లు నడువదని నేర్చుకొనును. ఎన్నడును తప్పని తల్లి బిడ్డకు మేలు చేయదని ఆయన భావము.

ఈ మాట మన కన్యదేశపు వైద్యుడు చెప్పనక్కరలేదు. మన భాగవతమున యశోద కథ యున్నది. ఆమె బిడ్డకు పాలిచ్చుచు, పొయ్యిమీది పాలు పొంగగా, వానిని దింపి పరుగెత్తినది. బిడ్డ అలిగి కుండ పగులగొట్టినాడు. ఆమె కోపించి కోల చేతబట్టి వెంటబడినది. జడ వీడి, చెమటలు గ్రమ్మి అలసిపోయినది. చివరకు త్రాటితో రోటికి కట్టివేసినది. ఆ త్రాడును రెండంగుళములు తక్కువైనది! వేల ఏండ్లుగా తల్లులకు తలమానికమని మనము కొనియాడు తల్లి ఈ అలసట, ఈ కోపము, ఈ పొంగిన పాలు గలది. ఆమెను లోపము లేనిదానినిగా దిద్దవలెనని మన పెద్దలకు తోచలేదు. కోపించిన క్షణముననే ఆమె మనకు మరింత దగ్గరయైనది. దామోదరుడను నామము ఆ త్రాటి గురుతు.

ఇక చేయవలసినదేమి? పురుషులకు మొదట మా మనవి. 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారు. తెరమీది భర్త బిడ్డ నెత్తుకొనుటను చూచి భార్య నిట్టూర్చుచున్నదనిన, నిట్టూర్పునకు మందు మీ చేతులలోనే కలదు. రాత్రి ఒక్క మారు బిడ్డ నెత్తుకొని వరండాలో తిరుగుడు. ఆమెకు రెండు గంటల నిదుర దొరకును. అత్తలకును అమ్మలకును మా మనవి: మీరు బిడ్డలను పెంచిన దినములను గూర్చి చెప్పునప్పుడు, ఓడిన దినములను గూడ చెప్పుడు. "మా కాలములో ఇంతమందిని అవలీలగా పెంచితిమి" అనుటయు ఒక రీలువంటిదే. అందును ఏడ్చిన భాగము కత్తిరింపబడినది.

మన సంఘపు శాఖలకును ఒక మాట. వార్షికోత్సవములలో పద్యపఠన పోటీలు పెట్టుచున్నాము, మంచిదే. వానితోబాటు నెలకొకసారి తల్లులు బిడ్డలతో కూడి కూర్చుండి, బహుమతులు లేక, ఫోటోలు లేక, తమ ఊరి తెలుగులో మాటాడుకొను పూట యొకటి ఏర్పరచిన బాగుండును. గెలువని బిడ్డ తల్లియు తలెత్తుకొని వచ్చు సభ మన కొకటి కావలెను.

చివరగా ఒక ముఖ్య విషయము. ప్రసవమైన కొలది దినములకు కన్నీరు, చిరాకు కలుగుట సామాన్యము. రెండు వారములలో అది తగ్గవలెను. తగ్గక, బిడ్డ నిదురించినను తల్లికి నిదుర రాక, దేనియందును ఆసక్తి లేక, తాను బ్రతికి ప్రయోజనము లేదను తలపు కలిగినచో, అది గుణదోషము కాదు, దృష్టిదోషము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి. ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యాలయమున తల్లిని బిడ్డనుండి వేరుచేయక చికిత్స చేయు విభాగము కలదు. ఏ ఫోను తల్లిని క్రుంగదీయుచున్నదో, ఆ ఫోనే ఆమెను లేవనెత్తుటకు వినియోగపడుగాక!

మన తల్లులారా! మీ యింటి పొయ్యి మట్టిదే; పొరుగింటి పొయ్యియు మట్టిదే; తెరమీది యింటి పొయ్యియు, బొమ్మ తీయుట ముగిసిన పిదప, మట్టిదే. మీ బిడ్డ మెచ్చుకోళ్లు లెక్కింపడు. అడుగుల చప్పుడు విని మీరు వచ్చుచున్నారని గుర్తించును. మీరు మీ తెలుగులో పిలిచిన పేరునకే పలుకును. వాని లోకములో మీతో పోల్చదగిన తల్లి మరియొకతె లేదు.